తిండి లేని పూట సూది

షుగర్ డాక్టరు పనంటే రక్తం పరీక్షించి మందు రాయడమని చాలామంది అనుకుంటారు. ఎండీ పట్టా చేతపట్టుకుని తమిళనాడులోని ధర్మపురి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేసి, మోకాళ్ళు మొరాయించాక మానుకున్నదాన్ని కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను. మందు రాయడం ఈ పనిలో చాలా చిన్న భాగం. మిగతాదంతా మాట్లాడటం, తిట్టడం, తిట్టించుకోవడం, ఏ ఇంట్లో పొయ్యి ఎవరి చేతిలో ఉందో కనుక్కోవడం.

ఈ వైపు కొత్తగా వస్తున్న డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు మీకు అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తు లేవు. ఒక పెద్దాయన గురించి, ఒక టీచరు గురించి, ఆ టీచరు అత్త గురించి చెబుతాను. ఆ టీచరుకు చిన్నతనంలోనే వచ్చే టైప్ వన్ షుగర్. రెండువేల దశకం చివర్లో బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంది. షుగర్ ఉన్న లావుపాటి మనుషులకు ఆ ఆపరేషన్ చేయడం అప్పటికే కోయంబత్తూరులో, చెన్నైలో మామూలైపోయింది. టైప్ వన్ మనిషికి చేయడం మాత్రం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

తెలుగులో ఎందుకు రాస్తున్నావని మా తమ్ముడు అడిగాడు. మాది పాపిరెడ్డిపట్టి వైపు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ టీచరూ అత్తా నాతో మాట్లాడింది తెలుగే, అందుకే తెలుగులో. మా ఇంటిల్లిపాదిలో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. అదైనా మెడికల్ కాలేజీ హాస్టల్లో పక్క మంచం చిత్తూరు అమ్మాయికి దొరికింది కాబట్టి. అక్షరాలన్నీ ఆమె నేర్పినవే. తప్పులుంటే ఆమెను అనండి.

పెద్దాయన

ప్రభుత్వాసుపత్రిలో నా మొదటి పై అధికారిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. తంజావూరు మనిషి. ముక్కు మీద కోపం. పల్లెల నుంచి వచ్చే తెలుగువాళ్ళను తెలుగులోనే తిట్టాలన్న పట్టుదలతో తెలుగు నేర్చుకున్నారు. అందుకని ఆయనకు తిట్లు తప్ప వేరే తెలుగు రాదు. ఒకసారి నేను సెలైన్ ఎక్కించడంలో ఆలస్యం చేస్తే నన్నూ ఆ భాషలోనే కడిగేశారు. మా నాన్న కూడా నన్ను అన్ని మాటలు అనలేదు. అయినా ఆయనంటే నాకు ప్రాణం. రోగి మంచం పక్కన నిలబడి మాట్లాడే డాక్టర్లనే చూశాను గాని, మంచం మీద కూర్చుని మాట్లాడే డాక్టరును ఆయననే మొదట చూశాను.

అప్పట్లో మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కూలి పనులకు, కట్టడం పనులకు పోయేవాళ్ళు. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్ళు. టౌన్ బస్సు తప్పిపోతుందని ఏమీ తినకుండా పరుగెత్తేవాళ్ళు. ఎండ ఎక్కేసరికి రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు. మేస్త్రీ పని చేసే ఒకాయన ఏరియూరు బస్సులో సీటుకు తల ఆనించి కూర్చుండిపోయాడు. తాగి పడుకున్నాడనుకుని ఎవరూ కదిలించలేదు. ఆఖరి స్టాపులో కండక్టరు లేపబోతే ప్రాణం లేదు.

ఆ కబురు విన్న రోజు పెద్దాయన ఎవరినీ తిట్టలేదు. అది చూసి మాకు భయం వేసింది. మర్నాటి నుంచి కొత్త పద్ధతి పెట్టారు. ఇన్సులిన్ సీసా చేతికి ఇచ్చే ముందు రోగి ఒక మాట గట్టిగా చెప్పాలి. తమిళం వాళ్ళు తమిళంలో, తెలుగువాళ్ళు తెలుగులో. "తిండి లేని పూట సూది లేదు." చెప్పకపోతే సీసా లేదు. ఇంట్లో సూది వేసేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ చేత కూడా చెప్పించేవారు. ఒక ముసలాయన రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, మంత్రం చదివినట్టు చెప్పేవాడు. నర్సులు మొహం తిప్పుకుని నవ్వేవాళ్ళు.

నవ్వినా, ఆ మాట పని చేసింది. కళ్ళు తిరిగి పడిపోయి వచ్చేవాళ్ళు బాగా తగ్గారు. నా చదువుతో నేను కాపాడినవాళ్ళ కంటే ఆ ఒక్క మాట కాపాడినవాళ్ళే ఎక్కువ. వినయానికి అనడం లేదు, అది నిజం.

టైప్ వన్ వాళ్ళకు ఆ మాట పూర్తిగా సరిపోదని పెద్దాయనకు తెలుసు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ ఊరదు. తిన్నా తినకపోయినా బయటి నుంచి కొంత అందుతూనే ఉండాలి. కానీ అలాంటి పిల్లలు అప్పట్లో మా దగ్గరికి వచ్చేదే తక్కువ, వచ్చినవాళ్ళు బతికి పెద్దవాళ్ళయ్యేది ఇంకా తక్కువ. వాళ్ళ కోసం వేరే మాట తయారు చేయాలని ఎవరికీ తోచలేదు.

అన్న బిడ్డ

అలా బతికి పెద్దదైన పిల్ల వసంత. పదేళ్ళప్పుడు ఏరియూరు నుంచి వాళ్ళ నాన్న భుజాన వేసుకుని తెచ్చాడు. ఒళ్ళు తెలియకుండా ఉంది. తేరుకున్నాక, జీవితాంతం సూది వేసుకోవాలని నేను చెబితే ఆ పిల్ల ఏడవలేదు. "బడికి పోవచ్చా?" అని అడిగింది. పోవచ్చన్నాను. తల ఊపింది. అప్పటి నుంచి ఆ పిల్ల మీద నాకు కొంచెం పక్షపాతమే. డాక్టర్లకు అందరు రోగులూ సమానమని చెబుతారు. నమ్మకండి.

బడికి పోయింది, టీచరు ట్రైనింగ్ చేసింది, ఉద్యోగం వచ్చింది. పెళ్ళి మాత్రం కుదరలేదు. పిల్లను చూడటానికి వచ్చినవాళ్ళు సూది మాట వినగానే కాఫీ గ్లాసు కింద పెట్టి లేచి పోయేవాళ్ళు. అప్పటికి నేను ప్రభుత్వ ఉద్యోగం మానేసి బస్టాండు దగ్గర చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. ఒక రోజు బొమ్మిడి నుంచి మునెమ్మ వచ్చింది. వసంత నాన్నకు చెల్లెలు. నా కంటే వయసులో కాస్త పెద్ద. గట్టి మనిషి, గట్టి గొంతు.

"డాక్టరమ్మా, నాకు సూది వేసేది నేర్పించు," అంది.

"ఎవరికి వెయ్యాల అక్కా?"

"మా అన్న బిడ్డకు. నా కొడుక్కు చేసుకుంటా ఉండాను. వేరేవాళ్ళు చేసుకోరు. చేసుకున్నా సూది సరిగ్గా వెయ్యరు."

మేనరికాలు మంచివి కావని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఓపిగ్గా అంతా విని, "సరి, ఇప్పుడు నేర్పించు," అంది. చెయ్యి కుదురుకోవడానికి నారింజ పండు ఇచ్చాను. మంచి పండును పాడు చేయడం ఆమెకు నచ్చలేదు. దాన్ని పక్కన పెట్టి, సంచిలోంచి ఒక పుచ్చు వంకాయ తీసి దాని మీద నేర్చుకుంది. వెళ్ళే ముందు అలవాటు ప్రకారం పెద్దాయన మాట ఆమె చేత చెప్పించాను. మూడుసార్లు చెప్పింది, ఒకసారి చాలన్నా వినలేదు.

పెళ్ళయ్యాక వసంతను ఒక్కసారి కూడా కళ్ళు తిరిగి పడనివ్వలేదు మునెమ్మ. సూది వేసే ముందు కంచం సిద్ధంగా ఉండాలి. సంగటి తినేదాకా ఎదురుగా కూర్చునేది. వసంత బడికి పోతుంటే కొంగున బెల్లం ముక్క కట్టించేది. చేతికి కాస్త చెమట పడితే చాలు, చక్కెర పడిపోతోందేమోనని నోట్లో ఏదో ఒకటి పెట్టేసేది. తిండి ఎక్కువై చక్కెర పెరిగేది. చక్కెర పెరిగిందని నేను సూది మోతాదు పెంచేదాన్ని. మోతాదు పెరిగిందని మునెమ్మ తిండి పెంచేది. ఏళ్ళ తరబడి మేమిద్దరం ఇలా పోటీ పడ్డాం. ఆ పిల్ల వంద కిలోలు దాటింది.

సద్దు లేని తరగతి

బరువు కోసమని వసంత నా దగ్గరికి రాలేదు. నిద్ర కోసం వచ్చింది. రాత్రంతా గురక, ఊపిరి ఆగి ఆగి రావడం. పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్ర. మెడలో పేరుకున్న కొవ్వు గొంతును నొక్కేస్తే అలా అవుతుంది. బడిలో కుర్చీలో కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూనే నిద్రపోయేది. మూడో తరగతి పిల్లలు ఆమెను లేపేవాళ్ళు కాదు. "టీచరు పండుకోనుండాది, సద్దు చేయొద్దురా," అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని బొమ్మలు గీసుకుంటూ కూర్చునేవాళ్ళు. బడిలో అంత నిశ్శబ్దంగా ఉండే తరగతి ఏదా అని హెడ్మాస్టరు మెచ్చుకోవడానికి వెళ్ళి సంగతి కనిపెట్టాడు. మంచివాడే కాబట్టి నివేదిక పంపలేదు. వైద్యం చేయించుకోకపోతే ఆఫీసు పనికి మార్పిస్తానన్నాడు.

"పిల్లలు లేని పని నాకు వద్దు డాక్టరమ్మా," అని వసంత నా బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. పదేళ్ళప్పుడు ఏడవని మనిషి.

పథ్యం పెట్టించాను. తిండి తగ్గిస్తే చక్కెర పడిపోయేది, పడిపోతే బెల్లం. నడకలు పెట్టించాను. మోకాళ్ళు వాచాయి. ఆ రోజుల్లోనే ఆమె భర్త గోవిందరాజు ఒక తమిళ పేపరు తెచ్చి నా ముందు పరిచాడు. వ్యాన్ నడుపుకునే నెమ్మదైన మనిషి. బరువు తగ్గించే ఆపరేషన్‌తో షుగర్ పోతుందని, మందులు మానేయవచ్చని అందులో ప్రకటన. "సూది నిలిచిపోతాదంట మేడం," అన్నాడు. అతని మొహం చూస్తే కాదనడానికి మనసు రాలేదు. అయినా చెప్పాలి కదా.

ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. మా జిల్లాలో బోర్ల సంగతి తెలియనివాళ్ళు ఉండరు. "బోరులో నీళ్ళుండి మోటారు సరిగ్గా లాగకపోవడం వేరు, బోరే ఎండిపోవడం వేరు. పెద్ద వయసులో వచ్చే షుగర్ చాలావరకు మోటారు జబ్బు. ఆపరేషన్‌తో మోటారు బాగుపడొచ్చు. వసంతది ఎండిపోయిన బోరు. ఏ ఆపరేషన్ చేసినా అందులో నీళ్ళు ఊరవు. ట్యాంకరు తోలించుకోవాల్సిందే. బరువు తగ్గితే రెండు ట్యాంకర్ల చోట ఒకటి సరిపోతుంది, అంతే."

వసంత ఆ పేపరు మడిచి భర్త చేతికిచ్చింది. ఇరవై ఏళ్ళుగా సూది వేయించుకుంటున్న మనిషి ఎంత తెలిసినా లోపల ఆశ పెట్టుకోకుండా ఉంటుందా? తర్వాత అడిగింది. "సూది నిలవదు, సరి. ఈ పగటి నిద్రన్నా నిలిచిపోతాదా?"

"నిలిచిపోతాదనే అనుకుంటా ఉండాను."

"అది చాలు," అంది.

కోయంబత్తూరు సర్జను చిన్నవాడు. నా ఫోను రాగానే, "టైప్ వన్ వాళ్ళకు ఈ ఆపరేషన్ నేను ఎక్కువ చేయలేదు. చేస్తాను. ఇన్సులిన్ సంగతి మాత్రం మీరు నాతో ఉండి చూసుకోవాలి," అన్నాడు. సర్జన్లను ఎంచుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే. తనకు తెలియనిది మీరు అడగకుండానే చెప్పేవాడి దగ్గరికి రోగిని పంపండి.

ఆపరేషన్ ముందు సర్జను ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి బొమ్మ గీసి చూపించాడు. కడుపును చిన్న సంచిగా కట్టి, పేగును దానికి కలుపుతారు. నేనూ వెళ్ళాను. మునెమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఇంత సంచిలో ఏం పట్టేది? పిల్ల తినలేకపోతే సూది ఎట్ల వేసేది?" అని అడిగింది.

"తగ్గించి వేస్తామమ్మా," అన్నాడు సర్జను. నేనూ తల ఊపాను. ఇద్దరం జవాబు చెప్పేశామనుకున్నాం.

వ్యాన్ వచ్చేలోగా

ఆపరేషన్ బాగా జరిగింది. వసంతకు రెండు రకాల ఇన్సులిన్ పెట్టాం. ఒకటి రోజంతా నిదానంగా పని చేసేది, దానికి రోజు సూది అని పేరు పెట్టాను. రెండోది తిన్నప్పుడు వేసేది, పూట సూది. రోజు సూది ఎట్టి పరిస్థితిలోనూ ఆపవద్దని కోయంబత్తూరులోనూ చెప్పారు, ఇంటికి వెళ్ళేటప్పుడు నేనూ చెప్పాను. మునెమ్మ సరేనంది. పక్క మంచంలో పెద్ద వయసు షుగర్ ఉన్న ఒకావిడకు ఆపరేషన్‌తో మాత్రలన్నీ మాన్పించి పంపడం కూడా ఆమె కళ్ళారా చూసింది.

ఇంటికి పోయిన రెండో వారంలో కాస్త బలం వస్తుందని అంబలి చిక్కగా కాచి పట్టింది. సంచి తట్టుకోలేదు. వాంతి అయింది. మర్నాడు నీళ్ళు కూడా నిలవలేదు. వసంత తినలేదు కాబట్టి మునెమ్మ సూది వేయలేదు. పూట సూదీ వేయలేదు, రోజు సూదీ వేయలేదు. తినని మనిషికి చక్కెర చూసేదేముందని మీటరు కూడా తీయలేదు. వసంత అడ్డు చెప్పలేదు. నీరసంగా ఉంది. పైగా ఆ మాట పదేళ్ళ వయసు నుంచి తనూ చెబుతూ వచ్చిందే.

క్లినిక్కులో జనం కిక్కిరిసి ఉన్న వేళ గోవిందరాజు ఫోన్ చేశాడు. "మేడం, వసంత ఊపిరి బాగలేదు. పరుగెత్తి వచ్చిన మాదిరి ఎగబీలుస్తా ఉండాది. కడుపు నొప్పి అంటాది. కోయంబత్తూరుకు తీసుకుపోయేదా?"

ఇన్సులిన్ అందక రక్తం ఆమ్లంగా మారితే ఊపిరి అలాగే వస్తుంది. కడుపు నొప్పి, వాంతి కూడా అందులో భాగమే. ఆపరేషన్ కుట్లు విడినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మీటరు పెట్టి చూడమన్నాను. అంకె రాలేదు, కొలవలేనంత ఎక్కువ ఉంది. కోయంబత్తూరు దాకా పోతే ఆమె ప్రాణం ఆగదు. ముందు ధర్మపురి రావాలి, బయలుదేరే ముందే ఒంట్లోకి ఇన్సులిన్ పోవాలి. గోవిందరాజు ఏనాడూ సూది పట్టుకోలేదు, రక్తం చూస్తే కూర్చుండిపోతాడు. ఫోన్ మునెమ్మకు ఇవ్వమన్నాను.

"అక్కా, రోజు సూదీ పూట సూదీ రెండూ ఇప్పుడే వెయ్యి. ఎంతో చెప్తాను."

"వెయ్యను."

"ఎందుకక్కా?"

"ఆ పిల్ల నోట్లో మెతుకు పడి మూడు దినాలాయ. తిండి లేని పూట సూది వేస్తే పోతాదని చెప్పినదెవరు? మీ ఆస్పత్రిలోనే కదా. పెండ్లైనప్పటి నుంచి కాపాడుకుంటా వచ్చినాను. ఇప్పుడు నా చేత్తోనే పోగొట్టుకొనేదా?"

ఎదురుగా బెంచీల మీద జనమంతా నన్నే చూస్తున్నారు. ఆమె మొండికేయడం లేదు. మేము చెప్పిన మాటను ఆమె కంటే శ్రద్ధగా పాటించినవాళ్ళు ఈ జిల్లాలో లేరు. ఆ మాటకు ఎదురు మాట నేను ఇప్పుడు ఫోన్లో, నిమిషాల్లో ఆమె చేత నమ్మించాలి.

"ఆ మాట చెప్పినది మేమే అక్కా. అది అన్నానికి వేసే సూది సంగతి. వసంత ఒంట్లో ఇన్సులిన్ చుక్క లేదు. తిన్నా కావాల, తినకున్నా కావాల. లేకుంటే రక్తం విషమైతాది. ఆ ఊపిరి దాని వల్లనే."

మునెమ్మ గొంతు తగ్గించి, "బోరు ఎండిపోయినాదంటివి కదా," అంది.

"అవునక్కా. మూడు దినాలుగా ట్యాంకరు రాలేదు."

"వేస్తే ఏమన్నా అయితే?"

"నన్నడుగు. ఊరంతా తెలిసేట్ల నన్నడుగు. ఇప్పుడు వెయ్యి."

వేసింది. ఫోన్ పక్కన పెట్టి వేస్తున్నట్టుంది, "కండ్లు మూయొద్దు పాపా, నన్ను చూడు, నన్ను చూడు," అని ఆమె గొంతు వినిపించింది.

వ్యాన్ వచ్చేలోగా మా వీధిలోని నర్సింగ్ హోమ్‌లో మంచం సిద్ధం చేయించాను. వసంతను దించేటప్పుడే నోటి నుంచి మగ్గిన పండ్ల వాసన వచ్చింది. సెలైన్, ఇన్సులిన్ డ్రిప్, పొటాషియం. కడుపు మెత్తగానే ఉంది, కుట్లు విడితే గట్టిపడేది. సర్జను గంటకోసారి ఫోన్ చేసి అడుగుతూ, మర్నాడు పొద్దున తనే కారు వేసుకుని వచ్చి చూసి, స్కాన్ తీయించాడు. కుట్లు బాగానే ఉన్నాయి. సాయంత్రానికి వసంత ఊపిరి కుదుటపడింది. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. సర్జను చూసి చూడనట్టు కారెక్కి వెళ్ళిపోయాడు.

మీకు చెప్పదలచుకున్నది

రోగులు మన మాట వినరని ప్రతి డాక్టరూ ఫిర్యాదు చేస్తాడు. నేనూ చేశాను. విన్నవాళ్ళ గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు. పెద్దాయన మాట మునెమ్మ ఎన్ని వేలసార్లు అనుకుని ఉంటుందో. దాన్ని దాటే కొత్త మాట మేము రెండుసార్లు చెప్పి ఊరుకున్నాం. పాత మాట నేర్పడానికి ఎంత శ్రమ పడ్డామో, దాన్ని మార్చడానికి కూడా అంతే శ్రమ పడాలి. ఆ తర్వాత టైప్ వన్ వాళ్ళకు రోజు సూది నేను వేరే రంగు సంచిలో పెట్టి ఇచ్చేదాన్ని. "ఇది తిండికి కాదు, ప్రాణానికి. కడుపు మాడినా వెయ్యాల," అని వాళ్ళ చేత, ఇంట్లోవాళ్ళ చేత చెప్పించి గాని పంపేదాన్ని కాదు. పెద్దాయన ఉంటే నన్ను తెలుగులో తిట్టి, తర్వాత మెచ్చుకునేవారు.

ఆపరేషన్ మంచిదా అని అడుగుతారు. వసంతకు మంచే జరిగింది. బరువు బాగా తగ్గింది, సూది మోతాదు సగానికి దిగింది. పగటి నిద్ర వదిలింది. ఆమె మేలుకుని ఉండటంతో ఆ తరగతి బడి మొత్తానికీ గోల తరగతి అయింది, హెడ్మాస్టరు నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. షుగర్ కుదురు మాత్రం నేను ఆశించినంత రాలేదు. జుట్టు ఊడింది. విటమిన్ మాత్రలు ఎప్పటికీ మింగాల్సిందే. సంగటి ముద్ద మళ్ళీ పూర్తిగా తినలేకపోయింది, దానికి ఆమె కంటే మునెమ్మ ఎక్కువ బాధపడింది. సూది ఆగుతుందని ఆశ పెట్టి టైప్ వన్ మనిషిని ఈ ఆపరేషన్‌కు పంపితే ఆ డాక్టరుకు క్షమ లేదు. అవసరమేమిటో, దక్కేదేమిటో ముందే చెప్పి పంపితే తప్పు లేదు. అంతకు మించి నాకు తెలియదు.

నర్సింగ్ హోమ్‌లో జరిగింది ఒకటి చెప్పి ఆపేస్తాను. డ్రిప్ తీసేసిన రోజు పొద్దున వసంత లేచి దిండుకు ఆనుకుని కూర్చుంది. రోజు సూది వేసే వేళైంది. నర్సు సిరంజి తెచ్చింది. మునెమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. మూడు రోజులుగా అక్కడే ఉంది, ఎవరు పిలిచినా తినడానికి లేవలేదు. గోవిందరాజు తెచ్చిన పొట్లాలు కిటికీలో అలాగే ఉన్నాయి.

"నువ్వు వెయ్యొద్దు సిస్టర్. మా అత్త వేస్తాది," అంది వసంత.

"నేనింక వెయ్యను," అంది మునెమ్మ గోడకే చెబుతూ. "నా చెయ్యి మంచిది కాదు. నర్సమ్మనే వెయ్యనీ."

వసంత బతిమాలలేదు. జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని, జబ్బ చాచి అలాగే కూర్చుంది. చాచిన చెయ్యి దించలేదు. ఆమెకు ఇంకా ఎంత నీరసంగా ఉందో నాకు తెలుసు.

"అత్తా, ఇటు చూడు. పొద్దున్నుంచి నేను పచ్చి నీళ్ళు కూడా తాగలేదు. కడుపు ఖాళీగా ఉండాది. వెయ్యి."

మునెమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె లేచి చేతులు రెండుసార్లు కడుక్కుంది. సిరంజిని కిటికీ వెలుతురుకు ఎత్తి గాలి బుడగలున్నాయేమో చూసింది. వేసింది. దూది అవసరానికి మించి చాలాసేపు అదిమిపెట్టింది. ఆ తర్వాత మంచం అంచున కూర్చుని, వసంత మొహంలోకి రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది. నర్సు వెళ్ళిపోయింది. నేను వేరే మంచాలు చూసుకుని తిరిగి వచ్చినా అలాగే కూర్చుని ఉంది.

వసంతకు ఏమీ కాలేదు.

"చూసినావు కదా," అంది వసంత. "ఇంక నువ్వు పోయి తిను అత్తా."

మునెమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, కింద ఇడ్లీలు ఏ పక్క దొరుకుతాయని నన్ను అడిగింది.